గీఁతమీఁది యూరు



నేను ముప్పదియేండ్లకు మించి పాఠశాలలో భూగోళము బోధించితిని. ఆఫ్రికా పటమును నల్లబల్లమీఁద వ్రాయుట నాకు సులభముగా నుండెడిది. ఏలయన, అచ్చటి రాజ్యముల యెల్లలు పెక్కుచోట్ల కొలబద్ద పెట్టి గీచినట్లుండును. ఒకనాఁడు నేను కెన్యాకును ఇథియోపియాకును నడుమ గీఁత గీయుచుండఁగా వెనుకబల్లనున్న బాలుఁ డొకఁడు లేచి, "అయ్యా, ఆ గీఁతమీఁద ఎవరైన కాపురముందురా?" అని యడిగెను. "కూర్చుండుము" అంటిని. జవాబు తెలియక యట్లంటినే కాని, ప్రశ్న తప్పని కాదు. ఉద్యోగము విరమించినపిదప తీఱికగా చదివి తెలిసికొన్న సంగతిని నేఁడు మీకు మనవి చేయుదును. ఆ దేశమును నేను కన్నులార చూచినవాఁడను కాను. కాని ఆ బాలునకు నేను బాకిపడి యున్నాను.

ఆ గీఁతమీఁద ఒక యూరు కలదు. దానిపేరు మొయాలె. పేరొక్కటియే కాని ఊళ్లు రెండు: ఒకటి కెన్యాది, ఒకటి ఇథియోపియాది. దక్షిణమున నైరోబీ, ఉత్తరమున అడిస్ అబాబా, రెండు రాజధానులును రమారమి సమదూరమున, ఏడువందల యేఁబది కిలోమీటర్లకు పైఁబడి యున్నవి. 1907వ సంవత్సరమున చక్రవర్తి మెనెలిక్ ప్రభుత్వమును బ్రిటిషు ప్రభుత్వమును ఒడంబడిక చేసికొని యచ్చటి యెల్లను నిర్ణయించిరి. అంతకుముందే బొరానా, గబ్రా, గరీ మొదలగు జాతులవారు ఆ నేలపై పసులను, ఒంటెలను మేపుకొనుచుండిరి. గీఁత వచ్చినది, మనుష్యులు కదలలేదు. అన్న యొకరాజ్యమున, తమ్ముఁడు వేఱొకరాజ్యమున మిగిలిరి.

ద్వారము దాఁటినంతనే ఎన్ని మాఱునో చూడుఁడు. కెన్యాలో బండ్లు మనవలెనే ఎడమప్రక్కన నడచును. ఇథియోపియాలో 1964 నుండి కుడిప్రక్కన నడచును. అచ్చటి సంవత్సరమునకు పదుమూఁడు మాసములు. ముప్పదేసి దినముల మాసములు పండ్రెండుపోఁగా, మిగిలిన యైదాఱు దినములు పదుమూఁడవ మాసము. వారి సంవత్సరసంఖ్య మనము వాడెడి యింగ్లీషు సంఖ్యకు ఏడెనిమిదేండ్లు వెనుకఁబడియుండును. గంటలను వారు సూర్యోదయము మొదలుకొని లెక్కింతురు. మన యుదయము ఏడుగంటలు వారికి ఒంటిగంట. పొద్దుపొడుపునుండి గడియలు లెక్కపెట్టిన మన పెద్దలకు ఇది వింతగాఁ దోఁపదు.

నాణెములును వేఱు. ఇటు షిల్లింగు, అటు బిర్రు. ఇందులో మనకొక చుట్టఱికము కలదు. 1920 వఱకు బ్రిటిషు తూర్పు ఆఫ్రికాలో చెల్లిన నాణెము మన రూపాయియే.

ఇఁక వారి జీవనోపాయము. ఆ ప్రాంతమున వానలు ఏఁటికి రెండు కార్లు: మార్చి మొదలు మే వఱకు నొకటి, అక్టోబరు నవంబరులలో నొకటి. రెండును నమ్మరానివి. కావున పైరుమీఁద ఆధారపడి ఆ యూరు బ్రదుకఁజాలదు. ఆ యూరి పంట సరిహద్దే యని చెప్పవచ్చును. ఒకవైపు చవుకైనది వేఱొకవైపు ప్రియముగా నుండును. ఆ భేదమే వారి ఫలసాయము. ఉత్తరమునుండి పసులు, చిక్కుళ్లు దక్షిణమునకు దిగును. దక్షిణమునుండి సబ్బులు, వంటనూనె, ప్లాస్టిక్కు సామానులు ఉత్తరమున కెక్కును. నాణెములు మార్చువారు, మూటలు మోయువారు, లారీలవారు, పూటకూళ్లవారు అందఱును ఈ భేదముమీఁదనే బ్రదుకుదురు.

దొంగరవాణాకును ఇదియే మూలము. ఇథియోపియా ప్రభుత్వము చిరకాలము తన బిర్రునకు బజారులో లేని హెచ్చువెలను నిలిపెను. పసులను చట్టప్రకారము ఎగుమతిచేసినవాని సొమ్ము ఆ సర్కారు వెలకే మాఱెడిది. చాటుగా తోలినవాఁడు బజారు వెలకు మార్చుకొనెడివాఁడు. ఇఁక తోలకుండునా? 2024 జూలైలో ఆ ప్రభుత్వము బిర్రును బజారునకు విడిచిపెట్టఁగా దాని వెల వడివడిగా పడిపోయెను. చట్టము నీతిని మాత్రమే చెప్పిన చాలదు. లెక్కను గూడ చూచుకొనవలయును.

బొరానావారి ధనము పసులు. మూఁపురముగల వారి యావులు మన యావులకు దూరపు చుట్టములు. ఆ మూఁపురపు జాతి పూర్వకాలమున ఆసియానుండి ఆఫ్రికా చేరినదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. వాని ప్రాణము 'తుల' యను లోఁతైన నూతులలో నున్నది. మొయాలెకు ఉత్తరమున, అడిస్ అబాబా మార్గమున, డుబ్లుక్ కడ నిట్టి నూతులు కలవు. మనుష్యులు ఒకరిపై నొకరుగా మెట్లమీఁద నిలిచి, పాటపాడుచు, తోలుపాత్రలతో నీటిని చేతులుమార్చి పైకందింతురు. ప్రతినూతికి వంతులు చూచు పెద్దయొకఁడు కలఁడు. వానిని 'అబ్బా హెరెగా' అందురు. వంతుకు తండ్రి యని దాని భావము. ఎవరి మంద యేదినమున త్రాగవలయునో అతఁడు నిర్ణయించును. ఆ నీటికి వెలకట్టరు. సామాన్యముగా ఎండకాలమున పసులకు మూఁడవదినమునకుఁ గాని నీటివంతు రాదు. చెఱువునీటి తగవులు తీర్చిన పెద్దలు మీరు. ఆ పని యెంత కష్టమో మీరే యెఱుఁగుదురు.

పూర్వము ఇసియోలోనుండి మొయాలెకు రాళ్లబాట. సుమారు ఐదువందల కిలోమీటర్లు. పసుల లారీలపైఁ గూర్చుండి, దోపిడికాండ్రకు వెఱచి గుంపులుగా పయనించెడివారు. 2017 నాటికి తారుబాట పూర్తియయినది. 2020 డిసెంబరులో రెండుదేశముల నాయకులును అచ్చట ఉమ్మడి తనిఖీకార్యాలయమును ప్రారంభించిరి. లారీని రెండుమాఱులు విప్పి చూచుటకు మాఱుగా ఒక్కమాఱు చూచుట దాని యుద్దేశము.

అయినను సరిహద్దే పంటయైనప్పుడు ద్వారము మూసిననాఁడే కఱవు. 1940 జూలైలో ఇటలీసైన్యము ముట్టడింపఁగా బ్రిటిషువారు మొయాలె కోటను విడిచిపోయిరి. 2018 మార్చిలో ఇథియోపియా మొయాలెలో సైనికులు పౌరులను కాల్చిచంపఁగా వేలకొలది జనులు పిల్లలతో కెన్యాలోనికి పరుగెత్తిరి. 2020లో కరోనా వ్యాపింపఁగా ఇథియోపియా తన భూసరిహద్దులను మూసి, అత్యవసరపు సరుకులకు మాత్రము త్రోవ విడిచెను. ఆ యేఁటి చివరనుండి 2022 చివర వఱకు వరుసగా ఐదుకార్లు వానలు తప్పినవి. మందలు మందలుగా పసులు పడిపోయినవి. పసి చచ్చిన పసులవాఁడు ఏమి యమ్మును? సరిహద్దు తెఱచియుండియు వానికి ఫలమేమి?

కావున ఆ యూరికి రెండు తలుపులు తెఱచియుండవలయును: క్రింద సుంకరి తలుపు, పైన మేఘుని తలుపు. రెండవది మనుష్యుల చేతిలోనిది కాదు. మొదటిది ముమ్మాటికిని మనుష్యుల చేతిలోనిదే.

ఆ బాలుఁడు ఇప్పుడెచ్చట నున్నాఁడో యెఱుఁగను. ఈ మాట వానిచెవిని పడిన బాగుండును: ఉందురు, నాయనా, గీఁతమీఁద మనుష్యు లుందురు. పటము వ్రాయునప్పుడు నేను వారిని తలఁపవలసినది.

ఇఁక సెలవు.