లావు తీగ ఎందుకు గుమ్మంటుంది?

మన భిలాయిలో ఉక్కంటే రైలు పట్టాలే గుర్తొస్తాయి. ఆ ఉక్కును సన్నగా సాగదీస్తే? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దు తొలిచి చేసే వీణకు సారణి తీగ!

వాయించే తీగలు నాలుగు, పొడవు దాదాపు ఒకటే. సారణి 'స' కంటే మంద్రం తీగ 'స' ఒక స్థాయి కింద, అంటే కంపనాలు సగం. బిగువు మార్చకుండా అలా పలకాలంటే తీగ నాలుగింతలు బరువుండాలి. లావు ఉక్కు మొండిది, హాయిగా ఊగదు. అందుకే చాలా వీణలకు సన్న తీగ మీద ఇంకో తీగ చుడతారు. గోటితో గీరండి, గరగరమంటుంది. అరబ్బుల ఊద్ వాద్యానిదీ ఇదే కిటుకు: సన్నవి నైలాన్, లావువాటికి లోహపు చుట్టు.