నాలుగు చక్రాల మొండిఘటం

క్వాడ్ బైక్‌కు కారులా నాలుగు చక్రాలు, మోటార్‌సైకిల్‌లా హ్యాండిల్, గుర్రం మీద కూర్చున్నట్టు అటో కాలు ఇటో కాలు వేసే సీటు ఉంటాయి. మన రిసార్టుల్లో ఏటీవీ అని పిలిచే ఈ బండిని మొదటిసారి ఎక్కినవాళ్లు సాధారణంగా ఒకటే అనుకుంటారు: నాలుగు చక్రాల మీద ఉంది కాబట్టి పడదని. చాలా ప్రమాదాలకు ఆ ధీమాయే మొదలు. ఆగి ఉన్నంతసేపూ అది పడదు, నిజమే. కదిలాక దాన్ని నిలబెట్టే భారం సగం నడిపే మనిషి ఒంటి మీద పడుతుంది.

ఇందులో రెండు జాతులున్నాయి. పొలాలకు, అడవులకు, మంచు ప్రాంతాలకు వాడే యుటిలిటీ రకం బరువైనది. ముందూ వెనకా సామాను పెట్టుకునే ర్యాకులు, చాలావాటిలో నాలుగు చక్రాలకూ శక్తి, క్లచ్ నొక్కే పని లేని గేర్లు దాని లక్షణాలు. స్పోర్ట్ రకం తేలికైనది. వెనక చక్రాలకే శక్తి, మధ్యలో చైన్, చేతి కింద క్లచ్, కాలి కింద గేర్లు. పందేలకు వెళ్లేదీ, ఆదివారం వస్తే ఔత్సాహికులు జట్లు కట్టి ఎక్కేదీ ఎక్కువగా ఈ రెండోదే.

బండి పుట్టుకకు కారణం చలికాలం. అమెరికాలో మంచు పడే నెలల్లో మోటార్‌సైకిళ్లు అమ్ముడుపోయేవి కావు. ఆ కాలంలో డీలర్లు అమ్ముకోవడానికి ఏదో ఒకటి ఇవ్వమని అక్కడి హోండా శాఖ జపాన్‌ను అడిగింది. ఒసాము టకెయుచి అనే ఇంజినీరు పూనుకోగా 1970లో యూఎస్90 అనే మూడు చక్రాల బండి బజారుకొచ్చింది. 89 సీసీ ఇంజిన్, 7 హార్స్‌పవర్. స్ప్రింగులు లేవు, షాక్ అబ్జార్బర్లు లేవు. గతుకుల దెబ్బనంతా గాలి తక్కువగా నింపిన లావుపాటి టైర్లే మింగాలి. తర్వాత ఏటీసీ90గా పేరు మారిన ఆ బండి 1971లో జేమ్స్ బాండ్ సినిమా ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లో కూడా కనిపించింది.

నాలుగో చక్రం 1982లో సుజుకీ క్వాడ్‌రన్నర్ ఎల్‌టీ125తో చేరింది. అక్కడి నుంచి పందెపు యంత్రాల దాకా రావడానికి మూడేళ్లే పట్టింది. 1985లో సుజుకీ ఎల్‌టీ250ఆర్, మరుసటి ఏడు హోండా టీఆర్‌ఎక్స్250ఆర్, 1987లో యమహా బాన్‌షీ వరుసగా దిగాయి. మూడింటిలో బాన్‌షీ కథ తెలుగు బైకు ప్రియులకు దగ్గరి చుట్టరికం. అందులోని 347 సీసీ జంట సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజిన్ యమహా ఆర్‌డీ350 వంశంలో నీటితో చల్లబడే తర్వాతి తరానిది. ఆ ఆర్‌డీ350యే మన రోడ్ల మీద రాజ్‌దూత్ 350గా తిరిగింది. పొగతో, అరుపుతో ఆ రాజ్‌దూత్ ఇక్కడ ఎలా కల్ట్ అయిందో, బాన్‌షీ అమెరికా ఇసుక దిబ్బల మీద అలాగే అయింది. 2006 దాకా అక్కడ అమ్మారు. ఇప్పటికీ పాత ఫ్రేములకు కొత్త సిలిండర్లు వేసి తిప్పుతున్నవాళ్లున్నారు.

ఆ ఎనభైల్లోనే గాయాలు, మరణాలు పెరిగి అమెరికా ప్రభుత్వం కంపెనీలను కోర్టుకు లాగింది. 1988లో కుదిరిన ఒప్పందంతో హోండా, యమహా, సుజుకీ, కవాసాకీ, పొలారిస్‌లు కొత్త మూడు చక్రాల బండ్లు అమ్మడం మానేశాయి. కొన్నవాళ్లకు శిక్షణ ఇవ్వడానికీ, పెద్ద ఇంజిన్ల బండ్లు పిల్లలకు అమ్మకుండా చూడడానికీ ఒప్పుకున్నాయి.

ఇరుసు దగ్గరే కిటుకంతా

క్వాడ్ స్వభావం అర్థం కావాలంటే ముందు దాని వెనక ఇరుసు చూడాలి. ఎడ్లబండి ఇరుసు తిరగదు. చక్రాలు దాని రెండు చివర్లలో దేనికది తిరుగుతాయి. అందువల్ల మలుపులో బయటి చక్రం ఎక్కువ చుట్లు, లోపలిది తక్కువ చుట్లు తిరిగి బండి సులువుగా మళ్లుతుంది. కారులో ఆ పని డిఫరెన్షియల్ చేస్తుంది. స్పోర్ట్ క్వాడ్‌లో ఈ రెండు సదుపాయాలూ లేవు. ఇరుసూ రెండు చక్రాలూ ఒకే ముక్కగా బిగిసి ఉంటాయి. చైన్ లాగితే మొత్తం కలిసి ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో రెండింటిలో ఏదో ఒకటి జారి తీరాలి. జారకపోతే హ్యాండిల్ ఎంత తిప్పినా బండి ముక్కుసూటిగానే పోతుంది. ఈ మొండితనానికి బదులుగా దక్కేవి తేలికదనం, దృఢత్వం. ఒక చక్రం గాలిలోకి లేచినా రెండోది నేలను తోస్తూనే ఉంటుంది.

మిగతా రహస్యాలన్నీ దీన్నుంచి వచ్చినవే. గట్టి నేల మీద, తారు రోడ్డు మీద టైరు సులువుగా జారదు కనుక క్వాడ్ అక్కడే ఎక్కువ ప్రమాదకరం. వదులు మట్టిలో అది ఇష్టంగా మళ్లుతుంది. మలుపులో నడిపేవాడు ఒంటిని ముందుకీ, లోపలి వైపుకీ వాల్చి, బయటి వైపు ఫుట్‌పెగ్ మీద కాలు గట్టిగా మోపుతాడు. వేగం పెరిగేకొద్దీ హ్యాండిల్ కన్నా థ్రాటిల్‌తోనే ఎక్కువగా మళ్లిస్తాడు. వెనక చక్రాలు కాస్త జారితే ముక్కు దానంతటదే లోపలికి తిరుగుతుంది. సీటు పొడవుగా ఉండేది ఇంకొకరిని ఎక్కించుకోవడానికని చాలామంది పొరపడతారు. ముందుకీ వెనక్కీ పక్కలకీ జరగడానికే ఆ పొడవు. వెనక కూర్చున్న స్నేహితుడు ఆ జాగాను ఆక్రమించి బండి బ్యాలెన్సును చెడగొడతాడు. ఎగుడుదిగుడు నేల మీద కూర్చోకుండా మోకాళ్లు వంచి నిలబడి నడుపుతారు.

బైకులు నడిపి వచ్చినవాళ్లు వదులుకోవాల్సిన అలవాటు ఒకటుంది. బండి ఒరిగినప్పుడు కాలు నేలకు ఆనించడం. క్వాడ్ మీద ఆ పని చేస్తే వెనక చక్రం వచ్చి కాలి మీదికి ఎక్కుతుంది. పందేల్లో ఫుట్‌పెగ్‌ల పక్కన వల కట్టిన కడ్డీలు తప్పనిసరి చేసింది ఇందుకే. యాక్సిలరేటర్‌ను బైకులా మెలితిప్పే బదులు బొటనవేలితో నొక్కేలా పెట్టడంలోనూ అర్థముంది. ఒంటిని ఒక పక్కకు లాగుతూ, హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకున్న చెయ్యి అనుకోకుండా మెలిపడితే బండి దూసుకుపోతుంది. బొటనవేలికి ఆ ఇబ్బంది లేదు. రెండు గంటల స్వారీ తర్వాత ఆ వేలు పడే నొప్పి మాత్రం వేరే సంగతి.

ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ముందుకు, దిగేటప్పుడు వెనక్కు. వాలుకు అడ్డంగా పోవాల్సి వస్తే ఎత్తు వైపుకు. సగం ఎక్కాక ఇంజిన్ ఆగితే అక్కడే బండి తిప్పబోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. బ్రేకు పట్టుకుని, ఎత్తు వైపుకు దిగి, ఆ తర్వాత ఆలోచించాలి.

గుంపుగా పోతే

క్వాడ్ స్వారీ ఒంటరిగా చేసేది కాదు. బోల్తాపడిన బండిని ఎత్తడానికైనా ఇంకొకరు కావాలి. ముందు దారి తెలిసినవాడు, చివర పనిముట్లు మోసుకొచ్చే అనుభవజ్ఞుడు, మధ్యలో కొత్తవాళ్లు. ఇదీ వరస. దుమ్ము కళ్లకు అడ్డం రాకుండా ఎడం పాటిస్తారు. చీలిక వచ్చిన చోట ప్రతి ఒక్కరూ వెనకవాడు కనిపించేదాకా ఆగుతారు. ఇరుకు దారిలో ఎదురైన జట్టుకు తమ వెనక ఎందరున్నారో వేళ్లతో చూపడం అమెరికా దారుల్లో మర్యాద. మూసిన పిడికిలి చూపితే ఆఖరివాడని అర్థం.

కాలిఫోర్నియాలో గ్లామిస్ అని పిలిచే ఇంపీరియల్ ఇసుక దిబ్బలు ఈ జనానికి పెద్ద తిరునాళ్ల చోటు. చలికాలపు సెలవుల్లో, ముఖ్యంగా థాంక్స్‌గివింగ్ రోజుల్లో, వేల కుటుంబాలు అక్కడ గుడారాలు వేస్తాయి. ఇసుకలో మామూలు టైరు కూరుకుపోతుంది కనుక వెనక తెడ్ల వంటి పట్టీలున్న ప్యాడిల్ టైర్లు వేస్తారు. నేలకు 8 అడుగుల ఎత్తున ఎగిరే జెండా కట్టడం అక్కడ నిబంధన. దిబ్బకు అవతలి నుంచి వచ్చేవాడికి మనిషి కన్నా ముందు జెండా కనబడాలి. గాలి వీచే వైపు మెల్లగా లేచే దిబ్బ అవతలి వైపు ఉన్నట్టుండి తెగ్గొట్టినట్టు పడిపోతుంది. తెలిసినవాళ్లు శిఖరం దగ్గర వేగం తగ్గించి, ఏటవాలుగా వెళ్లి, అవతల చూశాకే దిగుతారు. తెలియనివాళ్లు గాలిలోకి వెళ్తారు.

వెస్ట్ వర్జీనియాలోని హాట్‌ఫీల్డ్–మెకాయ్ దారుల సంగతి వేరు. బొగ్గు గనుల ప్రాంతపు కొండల్లో 2000లో మొదలైన ఆ దారులు నేడు వెయ్యి మైళ్లు దాటాయి. పర్మిట్ కొనుక్కుని తిరిగేవాళ్లు దారి పక్క ఊళ్లలోకే బండ్లతో వచ్చి తింటారు, బస చేస్తారు. బొగ్గు తగ్గిన ఊళ్లకు అది ఒక కొత్త ఆదాయం.

ఒక రోజు స్వారీ, ఒక పూట స్పానర్లు

క్వాడ్‌ను చంపేది మొదట దుమ్ము. నూనె పట్టించిన ఫోమ్ ఎయిర్ ఫిల్టర్‌ను దుమ్ము స్వారీ అయిన ప్రతిసారీ విప్పి, ఉతికి, ఆరబెట్టి, మళ్లీ నూనె పట్టించి, అంచుకు గ్రీజు రాసి బిగించాలి. అంచు సరిగా కూర్చోకపోతే సన్నటి ఇసుక సిలిండర్‌లోకి పోయి పిస్టన్‌ను గీసేస్తుంది. కొత్త ఎగ్జాస్ట్‌కు వేలకు వేలు పోసే కుర్రాళ్లే ఈ చవక పనికి బద్ధకిస్తారు. దాని ఫలితం మెకానిక్ బిల్లులో కనబడుతుంది.

తర్వాతది గాలి. కారు టైరులో 30 పీఎస్‌ఐకి పైగా నింపితే, క్వాడ్ టైరులో 4 నుంచి 7 చాలు. పెట్రోల్ బంకులోని మీటరు అంత తక్కువను సరిగా చూపదు. దీనికి వేరే మీటరు కొనుక్కోవాలి. కుడి ఎడమల మధ్య ఒక్క పీఎస్‌ఐ తేడా వచ్చినా బండి ఒక పక్కకు లాగుతుంది.

వెనక ఇరుసు మళ్లీ ఇక్కడ ముందుకొస్తుంది. దాని బేరింగులుండే క్యారియర్ గుండ్రటిది. ఇరుసు మాత్రం దాని నడిమధ్యన కాకుండా కాస్త పక్కకు ఉంటుంది. పించ్ బోల్టులు వదులు చేసి క్యారియర్‌ను తిప్పితే ఇరుసు వెనక్కి జరిగి చైన్ బిగుస్తుంది. పని అయ్యాక ఆ బోల్టులను చెప్పినంత బలంతో బిగించడం మరిస్తే చైన్ దారిలోనే వదులవుతుంది. చైన్‌ను మరీ బిగించడమూ తప్పే. నడిపేవాడు కూర్చుని సస్పెన్షన్ అణిగాక కూడా కొంచెం ఊగాలి. ఇరుసు చివరి పెద్ద నట్ వదులయ్యే జబ్బు చాలా బండ్లకుంది. దాన్ని పట్టించుకోకుండా తిప్పితే హబ్ పళ్లు అరిగి మొత్తం మార్చాల్సి వస్తుంది.

ముందు చక్రాలను ఒకదాని తర్వాత ఒకటి పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్ల, బేరింగుల అరుగుదల చేతికే తెలిసిపోతుంది. టై రాడ్లు వంగితే చక్రాలు చెరో దిక్కు చూస్తాయి. బురద కడగడానికి ప్రెజర్ వాషర్ వాడేవాళ్లు బేరింగుల సీళ్లకు సూటిగా కొట్టకూడదు. లోపలి గ్రీజు పోయి నీళ్లు చేరతాయి. రేడియేటర్ రెక్కల్లో ఎండిన బురద ఉంటే ఇంజిన్ వేడెక్కుతుంది. టూ స్ట్రోక్‌కు పెట్రోల్‌లో ఆయిల్ కొలత తప్పకూడదు. 450 సీసీ ఫోర్ స్ట్రోక్ బండ్లకు ఆయిల్ మార్పు, వాల్వుల సందు కొలవడం మరవకూడదు. ఇవన్నీ కిలోమీటర్లతో కాకుండా ఇంజిన్ తిరిగిన గంటలతో లెక్కిస్తారు.

పందెపు నేలలు

మోటోక్రాస్‌లో చిన్న ట్రాకు, వరస గెంతులు. బండి ఎంత వెడల్పుగా ఉంటే అంత నిలకడ. అడవి పందేల్లో చెట్ల మధ్య దూరాలి కాబట్టి అదే బండికి పొట్టి ఇరుసు వేస్తారు. రెండింట్లోనూ చేతికి తాడుతో కట్టుకునే కిల్ స్విచ్ ఉంటుంది. మనిషి పడితే ఇంజిన్ ఆగిపోతుంది.

అడవి పందేలకు పెద్ద పేరు అమెరికాలోని జీఎన్‌సీసీ సిరీస్. ఇంజిన్లు ఆపి వరసల్లో నిలబడి, జెండా ఊపగానే స్టార్ట్ చేసి దూకుతారు. సుమారు రెండు గంటలు వాగులు, వేళ్లు, బురద. బారీ హాక్ ఇందులో క్వాడ్ మీద ఏడు చాంపియన్‌షిప్‌లు గెలిచి, తర్వాత మోటార్‌సైకిల్‌కు మారి 2003లో అక్కడా గెలిచాడు. బిల్ బాలన్స్ 2000 నుంచి 2008 దాకా వరసగా తొమ్మిది గెలిచాడు.

ఫ్రాన్స్‌కు సముద్రతీరపు పందెం ఇష్టం. ల టుకే ఊరి ఇసుక తీరంలో 1975లో తియెరీ సబీన్ మొదలుపెట్టిన పందెంలో నేడు క్వాడ్‌లకు విడిగా పోటీ ఉంది. పాంట్ ద వో ఊళ్లో 12 గంటల పందెంలో జట్టు సభ్యులు వంతులవారీగా ఒకే బండిని నడుపుతారు. వేగం కన్నా పిట్‌లో మెకానిక్‌ల ఓపికే ఎక్కువసార్లు గెలిపిస్తుంది.

అదే సబీన్ స్థాపించిన డకార్ ర్యాలీలో క్వాడ్‌లకు 2009 నుంచి ప్రత్యేక విభాగం ఉండేది. అర్జెంటీనా అన్నదమ్ములు మార్కోస్, అలెహాంద్రో పట్రొనెల్లి ఇద్దరూ కలిపి ఐదుసార్లు గెలిచారు. చిలీకి చెందిన ఇగ్నాసియో కసాలే మూడుసార్లు గెలిచి, ట్రక్కులకు మారాడు. బైకువాళ్లలాగే క్వాడ్‌వాళ్లూ ఒంటరిగా, దారి గుర్తులుండే రోడ్‌బుక్ చదువుకుంటూ దారి వెతుక్కోవాల్సి వచ్చేది. కాకపోతే బండి బరువు ఎక్కువ, ఇసుకలో కూరుకుపోతే లాగడం నరకం. ర్యాలీ దక్షిణ అమెరికా వదిలి 2020లో సౌదీకి వెళ్లాక పోటీదారులు తగ్గారు. 2024లో మాన్యుయెల్ అందూహార్ గెలిచిన పోటీయే ఆఖరిది. మరుసటి ఏడు విభాగాన్ని ఎత్తేశారు.

కంపెనీల ఆసక్తి కూడా సన్నగిల్లింది. 2000ల రెండో సగంలో 450 సీసీ తరగతిలో జపాన్ కంపెనీలు నాలుగూ తలపడ్డాయి. హోండా, సుజుకీ, కవాసాకీ తప్పుకోగా యమహా వైఎఫ్‌జెడ్450ఆర్ మిగిలింది. ఆస్ట్రేలియాలో యుటిలిటీ క్వాడ్‌లకు, బోల్తాపడినప్పుడు మనిషిని కాపాడే రక్షణ చట్రం 2021లో తప్పనిసరి చేస్తే హోండా, యమహా అక్కడ ఆ రకం బండ్లు అమ్మడమే మానేశాయి. కంపెనీలు ఆపేసిన బండ్లకు విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపులే ఇప్పుడు చాలామందికి ఆధారం.

మన దేశంలో ఇది ఇంకా అద్దె సరదాయే. హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్టుల్లో, జైసల్మేర్ ఇసుకలో, దుబాయ్ ఎడారి సఫారీకి వెళ్లే తెలుగు కుటుంబాల ఫొటోల్లో కనిపిస్తుంది. మామూలు క్వాడ్ రోడ్డు మీద తిప్పడానికి రిజిస్టర్ కాదు. అయితే పొలారిస్ కంపెనీ తన స్పోర్ట్స్‌మన్ 570లో ఒక రకాన్ని ట్రాక్టర్ కోవలో రిజిస్టర్ చేసుకునే వీలు కల్పించింది. అద్దె బండి ఎక్కేముందు చూసుకోవాల్సినవి కొన్నే: హెల్మెట్ బిగుతుగా ఉందా, ఇంజిన్ ఆపే స్విచ్ ఎక్కడుంది, థ్రాటిల్ వదిలితే వెనక్కి వస్తోందా, బ్రేకులు రెండూ పడుతున్నాయా. ఇంకొకర్ని ఎక్కించుకోమని నిర్వాహకుడే చెప్పినా, ఒకరి కోసం చేసిన బండి మీద ఒకరే ఎక్కాలి.