వాన పడితే కెమెరా ఎందుకు ఆగిపోతుంది?

ఈ సంచికకి ఏదైనా రాయమని క్లబ్ వాళ్ళు అడిగితే నాకు కవిత్వం రాదన్నాను. "నీకు వచ్చిందే రాయి, తెలుగులో రాస్తే చాలు" అన్నారు. నాకు ఈ మధ్యే వచ్చిన విద్య ఒకటుంది. ఆరుబయట కేబుల్ జాయింట్‌లోకి నీళ్ళు పోకుండా చూసుకోవడం. చదివి నేర్చుకున్నది కాదు, దెబ్బ తిని నేర్చుకున్నది.

మా అమ్మమ్మ కాకినాడలో ఒక్కతే ఉంటుంది. తాతయ్య పోయాక హైదరాబాద్ వచ్చేయమంటే రానంది. అందుకే కిందటేడు వేసవిలో వీధి గుమ్మం పైన కెమెరా పెట్టించాం. దొంగల భయంతో కాదు. పొద్దున్నే అమ్మమ్మ తలుపు తీసి పాల ప్యాకెట్ తీసుకోవడం మా అమ్మ ఫోన్‌లో చూస్తుంది. చూశాకే కాఫీ పెడుతుంది.

జులైలో ఒకరోజు పొద్దున్న స్క్రీన్ మీద 'ఆఫ్‌లైన్' అని వచ్చింది. అమ్మమ్మ ఫోన్ ఎత్తలేదు. పక్కింటివాళ్ళని పంపి కబురు తెలుసుకునేసరికి 40 నిమిషాలు పట్టింది. రాత్రి వానకి విరిగిన అరటాకులు కోస్తూ పెరట్లో ఉంది, ఫోన్ వంటింట్లో ఉంది. అంతే. కానీ ఆ 40 నిమిషాలూ మా అమ్మ ముఖం నేను చూశాను.

సీఎస్ఈ వాణ్ణి కదా, రంగంలోకి దిగాను. రూటర్ రీస్టార్ట్ చేయించాను, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాను, పాస్‌వర్డ్ కూడా మార్చాను. మధ్యాహ్నానికి కెమెరా వచ్చేసింది. నేనే బాగుచేశానని అందరికీ చెప్పుకున్నాను. నాలుగు రోజులకి మళ్ళీ పోయింది. అప్పుడు అమ్మమ్మ అంది: "వాన పడితే పోతుందిరా, ఎండ కాస్తే వస్తుంది. మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను, వింటేగా!"

నేను లాగ్‌లన్నీ వెతికాను. అసలైన లాగ్ అమ్మమ్మ దగ్గరుంది.

నీళ్ళు ఎక్కడ దూరాయి?

ఆ శనివారం కాకినాడ వెళ్ళి నిచ్చెన ఎక్కాను. కెమెరా మీద ఐపీ66 అని ఉంది. అందులో మొదటి 6 అంటే దుమ్ము లోపలికి పోదని, రెండో 6 అంటే గట్టిగా నీళ్ళు చిమ్మినా తట్టుకుంటుందని. మరి ఎందుకు పోయింది? ఎందుకంటే ఆ మాట కెమెరా బాడీ గురించి. కెమెరా వెనక నుంచి జానెడు పొడుగున ఒక తోక వస్తుంది. దాని చివర ఆర్‌జే45 సాకెట్ ఉంటుంది. మన నెట్‌వర్క్ కేబుల్ కలిసేది అక్కడే. ఆ జాయింట్ తడవకుండా ఉండాలంటే డబ్బాలో వచ్చే ప్లాస్టిక్ క్యాప్, రబ్బరు వాషర్ రెండూ బిగించాలి. కేబుల్‌ని ముందు క్యాప్‌లోంచి దూర్చి, ఆ తర్వాతే ప్లగ్ క్రింప్ చేయాలి. అది కాస్త పని ఎక్కువ. మాకు బిగించినాయన క్యాప్ వదిలేసి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి వెళ్ళిపోయాడు. క్యాప్ మాత్రం అమ్మమ్మ డబ్బాతో సహా దాచింది.

మామూలు టేపు జిగురు ఎండ వేడికి కరిగి జారిపోతుంది. మాది మే నెలలోనే ఊడి, జులై వానకి పూర్తిగా నోరు తెరిచింది. ప్లగ్ బయటికి తీసి చూస్తే నీలం జత వైర్లు వచ్చే పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. గోధుమరంగు జత పిన్నులు దాదాపు బాగానే ఉన్నాయి. రెండూ ఒకే నీళ్ళలో తడిశాయి కదా, ఈ తేడా ఏంటి?

దీనికి జవాబు ఇంటర్ కెమిస్ట్రీలో ఉంది. ఈ కెమెరాలకి డేటా, కరెంటు ఒకే కేబుల్‌లో వెళ్తాయి. దాన్నే పీఓఈ అంటారు. 2003లో ఐఈఈఈ దీనికి 802.3ఏఎఫ్ అనే ప్రమాణం ఇచ్చింది. వోల్టేజ్ దాదాపు 48, అదీ డీసీ. మా ఇంజెక్టర్‌లో 4, 5 పిన్నులు పాజిటివ్, 7, 8 నెగెటివ్. పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం సుమారు ఒక మిల్లీమీటరు. అక్కడ ఉప్పుగాలి, దుమ్ము కలిసిన నీటి చుక్క పడితే అదే చిన్న ఎలక్ట్రాలిసిస్ సెల్. పాజిటివ్ వైపు లోహం కరిగిపోతుంది. పిన్నుల మీద బంగారు పూత ఉన్నా చాలా పల్చన. అది పోయాక కింద రాగి మిశ్రమం పచ్చబడుతుంది. నేను ఎలక్ట్రాలిసిస్ బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. అది మా ఇంటి గుమ్మం మీదే జరుగుతుంటే మాత్రం గుర్తుపట్టలేదు.

ఎండ కాయగానే చుక్క ఆరిపోతుంది, లింక్ వస్తుంది. మనం బాగైందనుకుంటాం. కానీ ప్రతి వానకీ కొంచెం లోహం పోతూనే ఉంటుంది. ఏదో ఒకరోజు ఎండ కాసినా రాదు.

నీళ్ళని ఆపడం కన్నా దారి మళ్ళించడం తేలిక

ముందు ఇది గుర్తుంచుకోండి. సీల్ ఎంత బాగా చేసినా ఏదో ఒక రోజు వదులవుతుంది. కాబట్టి నీళ్ళు జాయింట్ దాకా రాకుండా చూడటం మొదటి పని, టేపు చివరి పని.

వీలైతే జాయింట్ గోడ లోపలే ఉంచండి. గోడకి కన్నం పెట్టేటప్పుడు బయటి వైపు కిందికి వాలుగా ఉండాలి. ఎదురు వాలుంటే వాన నీళ్ళు నేరుగా ఇంట్లోకే.

తర్వాత డ్రిప్ లూప్. బట్టలారేసే తాడు చూడండి, వాన వెలిశాక చుక్కలన్నీ తాడు బాగా వేలాడేచోటికి జారి అక్కడే రాలతాయి. కేబుల్ కూడా అంతే. బాక్స్‌లోకి వెళ్ళేముందు దాన్ని కొంచెం కిందికి వేలాడదీసి మళ్ళీ పైకి తీసుకెళ్ళాలి. నీళ్ళు ఆ వంపులో రాలిపోతాయి. ఖర్చు ఏమీ లేదు, ఒక అడుగు కేబుల్ తప్ప.

జంక్షన్ బాక్స్ పెడితే కేబుల్ కింది వైపు నుంచే దూర్చాలి, పైనుంచి ఎప్పుడూ వద్దు. మామూలు ప్లాస్టిక్ బాక్స్ అయితే అడుగున సన్నటి కన్నం ఒకటి వదలాలి. ఇది విని నేను నవ్వాను, నీళ్ళు పోకూడదంటూ కన్నమేంటని. పగలు ఎండకి బాక్స్‌లో గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. సాయంత్రం వానకి చల్లబడగానే సందుల్లోంచి తడిగాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ తేమ లోపల నీరవుతుంది. అది పోవడానికే దారి.

ఇప్పుడు టేపు. సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు అని అడగండి. దీనికి జిగురు ఉండదు. దాదాపు రెట్టింపు పొడుగు సాగదీసి, సగం మీద సగం పడేలా చుట్టితే కాసేపటికి పొరలన్నీ కలిసిపోయి ఒకే రబ్బరు ముద్ద అవుతుంది. కింది నుంచి పైకి చుట్టాలి. గూనపెంకులు గుర్తు తెచ్చుకోండి, పై పెంకు కింది పెంకు మీదికి వస్తేనే నీళ్ళు జారతాయి. రబ్బరు రకానికి ఎండ పడదు కాబట్టి పైన ఒక వరస మంచి పీవీసీ టేపు వేయాలి.

సిలికాన్ పూసేద్దామనుకుంటే ముందు వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే అది గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆసిడ్ వదులుతుంది, రాగిని అదే తినేస్తుంది. న్యూట్రల్ రకం అడగాలి. 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే కెమెరా అయితే 230 వోల్టుల ప్లగ్ ఇంట్లోనే ఉండాలి. తడిసే చోట దాన్ని టేపు చుట్టి వేలాడదీస్తే పోయేది కెమెరా ఒక్కటే కాదు, ప్రాణం కూడా.

నేను స్విచ్ ఆపి, కేబుల్‌ని రాగి మెరిసేదాకా జానెడు వెనక్కి కోశాను. ఎందుకంటే నీళ్ళు తొడుగు లోపల కూడా పాకుతాయి. అమ్మమ్మ దాచిన క్యాప్‌లోంచి దూర్చి కొత్త ప్లగ్ క్రింప్ చేశాను. కెమెరా తోకలోని సాకెట్ పిన్నులు అదృష్టం కొద్దీ బాగున్నాయి. ఎలక్ట్రీషియన్ బాబాయ్ బాక్స్ బిగించి, "ఇంక పర్లేదండి" అన్నాడు. అమ్మమ్మ నమ్మలేదు. చెంబుడు నీళ్ళు తెచ్చి బాక్స్ మీద విసిరికొట్టి, అమ్మకి ఫోన్ చేసి "కనిపిస్తున్నానా?" అని అడిగింది. కనిపించింది.

అక్టోబర్‌లో మూడు రోజులు ముసురు పట్టింది. రెండోరోజు పొద్దున్న మళ్ళీ 'ఆఫ్‌లైన్'. నేను ఫోన్ తీసేలోపే అమ్మమ్మే చేసింది. "కరెంటు పోయిందిరా. కెమెరా తప్పేం లేదు. మీ అమ్మని కాఫీ పెట్టుకోమను."