నష్టం అంచనా వేసేవారి లైసెన్సు – మన కుటుంబాలు తెలిసికొనవలసిన సంగతులు

ఆరోగ్య పత్రికలో బీమా సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చు. మిరప కల్లాల్లో ఎండే కాలం, ఇళ్ళలో పత్తి నిల్వ ఉండే కాలం నిప్పు భయం ఎక్కువగా ఉండే కాలం. అటువంటి ప్రమాదాల్లో కాలిన గాయాలతో వచ్చేవారికి వార్డులో మేము కట్లు కడుతూ ఉంటే, బయట వరండాలో వారి ఇంటివారు ఎవరో తెచ్చిన కాగితాల మీద సంతకాలు పెడుతూ ఉంటారు. "క్లెయిము మేము ఇప్పిస్తాం, వచ్చిన దానిలో ఇంత శాతం మాకివ్వండి" అనే మాటలు వినబడుతుంటాయి. గాయానికి మేము మందు వేయగలం. ఆ సంతకం వల్ల పోయే డబ్బును మాత్రం వెనక్కి తేలేము. అందుకే ఈ నాలుగు మాటలు.

సర్వేయరు అంటే ఎవరు?

పొలం కొలిచే సర్వేయరు వేరు, ఇక్కడ చెప్పే సర్వేయరు వేరు. అగ్నిప్రమాదం, వాహన ప్రమాదం, వరద వంటివి జరిగినప్పుడు స్థలానికి వచ్చి, ఎంత నష్టం జరిగినదో, ఎందువలన జరిగినదో పరిశీలించి నివేదిక ఇచ్చే వ్యక్తిని ఇన్సూరెన్స్ సర్వేయర్ అండ్ లాస్ అసెసర్ అంటారు. నిబంధనలలో పెట్టిన పరిమితికి మించిన నష్టాన్ని లైసెన్సు ఉన్న సర్వేయరే అంచనా వేయాలని 1938 బీమా చట్టంలోని 64 యు.ఎం. సెక్షన్ చెబుతుంది. సాధారణంగా ఆయనను నియమించేదీ, ఫీజు ఇచ్చేదీ బీమా కంపెనీయే. అయినా ఆయన ఎవరి పక్షమూ వహించకూడదు. ఆయనకు మీరు ఫీజుగా ఏమీ ఇవ్వనవసరం లేదు.

అమెరికాలో పాలసీదారుని తరఫున పనిచేసే పబ్లిక్ అడ్జస్టర్లు అనే వారు ఉన్నారు. వారికి ఆయా రాష్ట్రాలు లైసెన్సు ఇస్తాయి. టెక్సాస్‌లో ఆ లైసెన్సును రెండేళ్ళకొకసారి రెన్యూవల్ చేయించుకోవాలి, వారి ఫీజు క్లెయిము మొత్తంలో పది శాతం దాటకూడదు. అక్కడ స్థిరపడిన మన పిల్లలకు ఈ సంగతి పనికొస్తుంది. మన దేశంలో మాత్రం ఆ పేరుతో వేరే లైసెన్సు లేదు. కనుక శాతం మాట్లాడుకొని క్లెయిము ఇప్పిస్తానని వచ్చే మనిషి "నాకు పబ్లిక్ అడ్జస్టరు లైసెన్సు ఉంది" అంటే నమ్మకండి.

లైసెన్సు, రెన్యూవల్

నర్సుకు కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఎలా ఉంటుందో సర్వేయరుకు లైసెన్సు అలా ఉంటుంది. హైదరాబాదులో కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. దీనిని ఇస్తుంది. తగిన చదువు ఉండి, అనుభవం గల సర్వేయరు వద్ద శిక్షణ పొంది, పరీక్ష పాసైనవారికే లైసెన్సు లభిస్తుంది. సర్వేయర్ల వృత్తి సంస్థలో సభ్యత్వం కూడా ఉండాలి. ఆ సంస్థ కూడా హైదరాబాదులోనే ఉంది.

లైసెన్సు శాశ్వతం కాదు. 2000 నాటి నిబంధనలలో దాని గడువు ఐదేళ్ళు ఉండేది. 2015 నిబంధనలలో దానిని మూడేళ్ళకు తగ్గించారు. మందు సీసా మీద గడువు తేదీ చూసినట్టే ఈ తేదీని కూడా చూడాలి. ఇంకొక సంగతి: లైసెన్సులో విభాగాలు ఉంటాయి. అగ్నిప్రమాదం, మోటారు, సముద్ర రవాణా, ఇంజనీరింగ్ ఇలా వేరు వేరు. మోటారు విభాగం మాత్రమే ఉన్నవారు కాలిపోయిన గోడౌన్‌ను అంచనా వేయకూడదు.

సర్వేయరు వచ్చినప్పుడు మర్యాదగానే ఈ మూడూ అడగండి: "అయ్యా, మీ లైసెన్సు నంబరు ఎంత? ఏ విభాగం? ఎప్పటివరకు చెల్లుతుంది?" అసలైన వారు కోప్పడరు. కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేసి, ఈయనను మీరే పంపారా అని కూడా అడగవచ్చు.

గడువులు గుర్తుంచుకోండి

2024 జూన్‌లో ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం క్లెయిము తెలిపిన 24 గంటలలోపు సర్వేయరును కేటాయించాలి. 15 రోజులలో ఆయన నివేదిక తెప్పించుకొనే బాధ్యత కంపెనీదే. నివేదిక అందిన 7 రోజులలో నిర్ణయం చెప్పాలి. అందువలన మీరు ఏ రోజున, ఎన్ని గంటలకు తెలిపారో రాసి పెట్టుకోండి.

సర్వేయరు నివేదికే ఆఖరి మాట కాదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే సంవత్సరం మరొక తీర్పులో, తమకు నచ్చిన నివేదిక వచ్చేదాకా కంపెనీ ఒకరి తరువాత ఒకరిగా సర్వేయర్లను వేస్తూ పోకూడదని కూడా చెప్పింది.

కోల్డ్ స్టోరేజిలో సరుకు పెట్టిన రైతులకు

గుంటూరు చుట్టుపక్కల చాలామంది ధర కోసం మిరప టిక్కీలను కోల్డ్ స్టోరేజిలో ఉంచి, ఆ రసీదు మీద బ్యాంకు అప్పు తీసుకుంటారు. బీమా పాలసీ మాత్రం స్టోరేజి యజమాని పేరున ఉంటుంది. 2014 జనవరిలో కర్ణాటకలోని ఒక కోల్డ్ స్టోరేజి కాలిపోయినప్పుడు, రైతులతో మాకు ఒప్పందం లేదని బీమా కంపెనీ వాదించింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ఆ పాలసీ వల్ల మేలు పొందవలసినవారు రైతులే కనుక వారూ వినియోగదారులే అని తీర్పు చెప్పింది. కాబట్టి సరుకు పెట్టే రోజునే పాలసీ అమలులో ఉందా అని అడగండి. రసీదును స్టోరేజిలో కాక ఇంట్లో భద్రం చేయండి.

చేలో ఉన్న పంట బీమా పద్ధతి వేరు. దానికి మీ గ్రామ వ్యవసాయ సహాయకుని అడగండి.

ఆపదలో చేయవలసినవి

1. ముందు మనిషి ప్రాణం. కాలిన చోట చల్లని నీరు ధారగా ఇరవై నిమిషాలు పోయండి. పేస్టు, సిరా, పేడ పూయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.
2. ఫైర్ స్టేషన్‌కు, పోలీసులకు, బీమా కంపెనీకి తెలపండి.
3. సర్వేయరు చూసేవరకు కాలిన సరుకును పారవేయకండి. ఫోటోలు తీయండి.
4. తెల్ల కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకండి. చదవలేకపోతే చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి.
5. ఒరిజినల్ కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి. జిరాక్స్ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మా డిశ్చార్జి సమ్మరీకి కూడా ఇదే వర్తిస్తుంది.

న్యాయం జరగలేదని తోస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఉచిత ఫోన్ నంబరు 155255. నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా, వ్యక్తుల పేరున ఉన్న పాలసీలకు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు రాయవచ్చు. యాభై లక్షల రూపాయల వరకు ఆయన విచారిస్తారు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలంటే రెండేళ్ళ గడువు ఉంటుంది.

ఒక పంట డబ్బులోనే పిల్లల ఫీజు, బ్యాంకు అప్పు, ఆసుపత్రి బిల్లు అన్నీ ఉంటాయి. దుఃఖంలో ఉన్నప్పుడు తొందర పెట్టే మనిషిని "రేపు రండి" అనడంలో తప్పు లేదు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఏదైనా కాగితం మీద అనుమానం వస్తే, సంతకం చేసే ముందు వార్డు సిస్టరుకు చూపించండి. చదివి అందులో ఏముందో చెబుతాము.