మిద్దె విప్పి స్లాబు పోస్తున్నారా? నీళ్ల సంగతి ముందు చూసుకోండి

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. పాత ఇల్లు విప్పి, ఆ జాగాలోనే కొత్త ఇల్లు లేపడం ఈ రెండింటికన్నా కష్టమని నేనంటాను. ఒక గదిలో పొయ్యి వెలుగుతూ ఉండాలి, పక్క గదిలో మట్టి రాలుతూ ఉండాలి! ఆ కష్టం నేను రెండుసార్లు పడ్డాను. మొదటిసారి తెలియక చేసిన పొరపాటు వల్లే రెండోసారి పడాల్సి వచ్చింది. మీలో ఎవరైనా పాత మిద్దె విప్పి స్లాబు వేయించే ఆలోచనలో ఉంటే పనికొస్తుందని నా అనుభవం రాస్తున్నాను.

మాది 2025 చివరి దాకా ప్రకాశం జిల్లాలో పడమటి వైపున ఉన్న వెలిగండ్ల. మా అత్తగారిది పాతకాలపు మట్టి మిద్దె. మట్టితో కట్టిన రాతి గోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద చౌడు మట్టి. ఎండాకాలం ఎంత చల్లగా ఉండేదో! వానాకాలం వస్తే మాత్రం ఇంట్లో గిన్నెలన్నీ నేల మీదే. ఇక్కడ కారుతోందని ఒక తపేలా, అక్కడ కారుతోందని ఒక చెంబు. ఏటా చౌడు తోలించి పైన పరిపించినా, చెదలు పట్టిన దంతెలు ఇంక మోయలేమన్నాయి.

2004 ఏప్రిల్‌లో ముందు గది, వంటగది విప్పి, ఇటుక గోడలు కట్టించి స్లాబు పోయించాం. మా మరిది హైదరాబాదులో బేల్దారి మేస్త్రి. మా పక్క నుంచి బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు వెళ్లిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. అన్న ఇల్లు కదా అని సెలవు పెట్టి వచ్చి, దగ్గరుండి స్లాబు పోయించాడు. మర్నాడు బస్సెక్కుతూ, "వదినా, పద్నాలుగు రోజులు స్లాబు ఆరకూడదు" అని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

నాకప్పుడు ఏడో నెల. నిచ్చెన ఎక్కలేను. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. తాగే నీళ్ల కోసమే బిందెలు పట్టుకుని వరసలో నిలబడే రోజులు. మా ఆయన నాలుగు రోజులు పెరటి బోరు నీళ్లు మోసి పోశారు. నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉండే నీళ్లవి. స్లాబుకు కలిపిందీ ఆ నీళ్లనే. ఐదో రోజు పొగాకు బేళ్లు కనిగిరి వేలానికి తీసుకెళ్లే పని పడింది. స్లాబు చూస్తే రాయిలాగే ఉంది. "ఎండింది కదా, ఇంకేం కావాలి?" అనుకుని అందరం వదిలేశాం.

పదేళ్లు ఏమీ తెలియలేదు. ఆ తర్వాత వంటగదిలో పైన గోధుమరంగు మరకలు కనిపించాయి. పొగ మరకలేమో అని సున్నం వేయించాం. మళ్లీ వచ్చాయి. 2021లో ఒకరోజు పప్పు తాలింపు వేసి బయటికి వచ్చానో లేదో, దభీమని చప్పుడు. పళ్లెమంత పెచ్చు ఊడి పొయ్యి గట్టు మీద పడింది. నిమిషం ముందు నేను నిలబడిన చోటు అది! పైకి చూస్తే తుప్పు పట్టిన కడ్డీలు పక్కటెముకల్లా కనపడుతున్నాయి.

నిజం చెప్పాలంటే, మరకలు కనిపించినప్పటి నుంచీ మా మరిదినే అనుకున్నాం. "సొంత అన్న ఇంటికి కూడా ఇసుక ఎక్కువ కలిపాడు" అని అత్తమ్మే అనేది. నేను కాదనలేదు. కబురు పెడితే వచ్చాడు. సుత్తితో స్లాబంతా తట్టి చూశాడు. సగానికి పైగా బోలు చప్పుడే.

"వదినా, ఎన్ని రోజులు నీళ్లు పోశారు?" అనడిగాడు.

"నాలుగు రోజులు" అన్నాను.

"ఏ నీళ్లు?"

"మన బోరువే."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ బోరు నీళ్లు వద్దని ఆరోజు నేనే చెప్పాల్సింది" అన్నాడు. అన్నేళ్లు అతన్ని వెనకాల తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది. అప్పటి నుంచీ కనిపించిన ఇంజనీరునీ, మేస్త్రినీ అడిగి తెలుసుకున్న సంగతులే ఇవి.

సిమెంటు ఎండితే గట్టిపడదు

మనలో చాలామంది అనుకున్నట్టు సిమెంటు వడియాల్లా ఎండి గట్టిపడేది కాదు. నీళ్లతో కలిసినప్పుడు దానిలో రసాయన చర్య జరుగుతుంది. ఆ చర్య వల్లే గట్టిపడుతుంది. తడి ఉన్నన్నాళ్లూ ఆ చర్య సాగుతూ బలం పెరుగుతుంది. తడి ఆరిపోతే అక్కడితో ఆగిపోతుంది. పైకి రాయిలా కనిపించినా లోపల సన్నటి దారులు మిగిలిపోతాయి. వాటిగుండా గాలీ, తేమా కడ్డీల దాకా చేరతాయి. కాంక్రీటు బలాన్ని 28 రోజులకు లెక్కగట్టడం కూడా ఇందుకే.

మన దేశంలో కాంక్రీటు పనులకు ప్రమాణం ఐ.ఎస్. 456. 2000లో వచ్చిన ఆ ప్రమాణం ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు తడి ఆరకుండా ఉంచాలి. మనలాంటి ఎండ ప్రాంతాల్లో 10 రోజులకు తగ్గకూడదు. బూడిద వగైరా కలిపిన సిమెంటుకు 14 రోజులు మంచిదంటారు. ఇప్పుడు షాపుల్లో దొరికే బస్తాల్లో ఎక్కువ ఈ రకమే. బస్తా మీద పి.పి.సి. అని ఉంటే అదే. అంటే మా మరిది చెప్పిన పద్నాలుగు రోజులూ సరైన లెక్కే!

ఏ నీళ్లు పడితే ఆ నీళ్లు వద్దు

మన ప్రాంతపు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. 1937లో మన దేశంలో మొట్టమొదట ఫ్లోరోసిస్ జబ్బును గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి ఆ రోజుల్లో ఆ జిల్లాలోదే. ఫ్లోరైడు మన పళ్లకూ, ఎముకలకూ చేటు. స్లాబులోని ఇనుముకు చేటు చేసేది మాత్రం ఉప్పు, అంటే క్లోరైడు. అది కడ్డీని తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండింతలకు మించి చోటు తీసుకుంటుంది. లోపల చోటు చాలక కాంక్రీటును తోసేస్తుంది. పెచ్చులు ఊడేది అందుకే.

ఇనుప కడ్డీల కాంక్రీటుకు తొలి రోజుల్లో బాట వేసిన వాళ్లలో ఒకరు మోనియే అనే ఫ్రెంచి తోటమాలి. పూలకుండీలు పగలకుండా సిమెంటులో ఇనుప వల పెట్టి, 1867లో పేటెంటు తీసుకున్నాడట. కుండీకైనా, స్లాబుకైనా ఇనుమే బలం. ఆ ఇనుమును కాపాడేది దాని చుట్టూ ఉన్న గట్టి కాంక్రీటే.

కడ్డీలు వేసిన కాంక్రీటుకు కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. నీళ్లు పరీక్షించే ల్యాబులో ఒక సీసా ఇస్తే ఎంతుందో చెప్తారు. స్లాబు ఖర్చులో ఆ ఖర్చు ఎంత! నోటికి ఉప్పగా తగిలే నీళ్లను మాత్రం పరీక్ష దాకా పోకుండానే వద్దనుకోండి. కలపడానికే కాదు, తడపడానికీ వాడకండి.

సంగటి ఎసరు లెక్క

సంగటికి ఎసరు ఎక్కువైతే ఏమవుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు. కాంక్రీటూ అంతే. జారుగా ఉంటే పోయడం తేలికని మిల్లరు దగ్గర బిందెలకు బిందెలు కుమ్మరిస్తారు. ఎక్కువైన నీళ్లు ఆవిరయ్యాక లోపల బొరియలే మిగులుతాయి. స్లాబుకు మామూలుగా చెప్పే రకానికి 50 కిలోల బస్తాకు 30 లీటర్ల నీళ్లు మించకూడదు. 15 లీటర్ల బిందె అయితే రెండు బిందెలు. మొదటి కలుపు దగ్గర మీరే నిలబడి లెక్క పెట్టండి. "అమ్మగారికేం తెలుసు?" అని నవ్వినా సరే, కదలకండి.

పాత గోడ మోయగలదా?

2022లో పాడైన స్లాబు విప్పించాలని అనుకున్నప్పుడు, వెనక మిగిలిన మట్టి మిద్దె గది కూడా విప్పి, ఆ రాతి గోడల మీదికే కొత్త స్లాబు సాగదీద్దామని మా ఆయన ఆలోచన. గోడలు మూరెడు మందం ఉన్నాయి కదా అని. ఇంజనీరు వచ్చి చూసి వద్దన్నారు. మట్టితో పేర్చిన రాళ్లకు ఒకదానితో ఒకటికి పట్టు ఉండదట. పైన బరువు పెట్టి కొంచెం కదిపితే విడిపోతాయట.

1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు భూకంపంలో వేలమంది నిద్రలోనే పోయారు. అక్కడా ఇలాంటి రాతి గోడలే, పైన మందపాటి మట్టి కప్పులే. మనకు భూకంపాలేమిటి అనుకోకండి. 1967లో ఒంగోలు దగ్గర వచ్చింది. 2024 డిసెంబరులో అప్పటి మా జిల్లాలోనే ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి కంపిస్తే జనం వీధుల్లోకి పరుగెత్తారు. కాబట్టి వెనక గదికి కూడా పునాది నుంచి పిల్లర్లు లేపించాం. ఖర్చు పెరిగింది. అందుకని పైన వేయాలనుకున్న గది మానుకున్నాం.

దూలాలు దించిన రోజు అత్తమ్మ అన్నం తినలేదు. ఆమె కాపురానికి వచ్చిన ఇల్లు కదా! అందులో బాగున్న ఒక టేకు దూలాన్ని కోయించి వీధి తలుపు చేయించాం. ఇప్పుడు ఆ తలుపు దగ్గరే కూర్చుంటుంది.

రెండోసారి ఇలా చేశాం

2023 జనవరిలో, సంక్రాంతి వెళ్లాక స్లాబు పోయించాం. ఎండ తక్కువ, నీళ్ల బాధా తక్కువ. మంచినీళ్ల ట్యాంకర్లు ముందే మాట్లాడుకున్నాం. పోసిన రోజు సాయంత్రం తడి గోనెపట్టాలు కప్పాం. మర్నాడు పొద్దున్నే బురదతో చిన్న చిన్న మడులు కట్టి రెండంగుళాల నీళ్లు నిలిపాం. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు స్లాబుకు మొదటిసారి దాదాపు 1,900 లీటర్లు పట్టాయి. ఆ తర్వాత ఇంకిపోయిన మేరకు రోజూ పోస్తూ వచ్చాం. పొద్దున నేను, మధ్యాహ్నం మా అబ్బాయి, సాయంత్రం మా ఆయన అని వంతులు వేసుకున్నాం. ఆనాడు నా కడుపులో ఉన్నవాడే ఈనాడు బిందె అందుకున్నాడు!

రోజూ రాత్రి తొమ్మిదింటికి హైదరాబాదు నుంచి ఫోను. "వదినా, స్లాబు తడిగా ఉందా?" అని. పద్నాలుగు రోజులూ "ఉంది నాయనా" అనే చెప్పాను. పదిహేనో రోజు ఫోను రాలేదు. నేనే చేశాను.

ఇవి మరచిపోకండి

* పాత స్లాబు మీద గోధుమరంగు మరకలు, సన్నటి బీటలు, తడితే బోలు చప్పుడు ఉంటే పైన సిమెంటు పూసి దాచకండి. ఇంజనీరుకు చూపించండి. కడ్డీలు సన్నబడకపోతే బాగుచేసుకోవచ్చు.

* కడ్డీల కింద కవరు బిళ్లలు పెట్టారా చూడండి. కడ్డీ సెంట్రింగుకు ఆనుకుంటే త్వరగా తుప్పు పడుతుంది.

* గది వెడల్పు పదిహేను అడుగుల లోపైతే కనీసం 7 రోజులు, దాటితే 14 రోజులు కింది పోట్లు తీయకూడదు. పి.పి.సి. సిమెంటైతే ఇంకా ఆగాలి. ఇంజనీరు చెప్పిన రోజుకే తీయించండి.

* సిమెంటు బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు దూరంగా పేర్చండి. మూడు నెలలు దాటినవి కొనకండి.

* ముంగిట్లో గచ్చు చేయిస్తే వాలు ఇంటి గోడవైపు కాకుండా వీధివైపు ఉండాలి. పది అడుగులకు రెండంగుళాల వాలు చాలు. నీళ్లు గోడ దగ్గర నిలిస్తే పాత మట్టి గోడ అడుగునుంచి నానిపోతుంది.

* స్లాబు పోసే రోజు ఖాయం చేసేముందు పద్నాలుగు రోజుల నీళ్లు ఎక్కడివో, ఎవరు పోస్తారో ఖాయం చేయండి.

సిమెంటు, ఇనుము కొనేటప్పుడు మనల్ని ఎవరూ అడగరు. బిందె పట్టుకోవాల్సి వచ్చేసరికి మాత్రం మనమే గుర్తొస్తాం. ఎలాగూ మన చేతికే వచ్చే పని కాబట్టి, దాని లెక్కేదో ముందే తెలుసుకుని అడుగుదాం.