‘నా వంతు ఎప్పుడో’ అనే దిగులుకూ వైద్యం ఉంది

సోంపేట: కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు పెట్టింది పేరైన ఉద్దానాన్ని కిడ్నీ జబ్బు మూడు దశాబ్దాలుగా పీడిస్తున్నది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ జబ్బు బారిన పడినవారు లేని ఊరు అరుదు. క్రియాటినిన్ అనే మాట ఇక్కడ బడి గడప తొక్కని వారికీ తెలుసు. అయితే జబ్బు వచ్చిన వారితో పాటు, రాని వారిని కూడా లోలోపల తినేస్తున్న బాధ మరొకటి ఉంది. అన్న పోయాడు, పక్కింటాయన డయాలసిస్ మీద ఉన్నాడు, రేపు నాకూ వస్తే ఏటి గతి అన్న దిగులే అది.

రూపం లేని భయం

పామును చూస్తే భయం వేస్తుంది. దాన్ని కొట్టడమో, పక్కకు తప్పుకోవడమో చేస్తాం. ఉద్దానం భయానికి అలాంటి రూపం లేదు. చక్కెర వ్యాధి లేనివారికి కూడా ఈ జబ్బు వస్తున్నది. మొదటి దశల్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు. నీరా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, వంశపారంపర్యమా అన్నది ఇంతవరకూ తేలలేదు. శ్రీలంకలోని వరి పొలాల్లోనూ, మధ్య అమెరికాలోని చెరకు తోటల్లోనూ ఇటువంటి జబ్బే ఉంది. అక్కడా కారణంపై శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు.

తన బతుకు ఎంతకాలమో, దానికి అర్థమేమిటో అన్న ఈ కలతను మానసిక శాస్త్రంలో అస్తిత్వ ఆందోళన అంటారు. ఇది పిచ్చి కాదు. చావు ఉందని తెలిసిన ప్రతి మనిషికీ ఎప్పుడో ఒకప్పుడు కలిగేదే. మరోచోట ముసలితనంలో పలకరించే ఈ ఆలోచన ఉద్దానంలో ముప్పై ఏళ్ల కూలీని కూడా పట్టుకుంటున్నది.

భయంతో జరిగే నష్టం

దిగులు మనసులోనే ఉండిపోతే కొంత నయం. అది పనుల్లోకి దిగినప్పుడే నష్టం జరుగుతుంది. ఉందని తేలితే ఎలా అన్న భయంతో కొందరు రక్తపరీక్షకే వెళ్లరు. ఇది ప్రాణం మీదకు తెచ్చే పొరపాటు. జబ్బును ముందుగా కనిపెడితే రక్తపోటును అదుపులో ఉంచి, నొప్పి మాత్రలు మానిపించి, కిడ్నీలు చెడిపోవడాన్ని నెమ్మదింపజేయవచ్చు. ఆలస్యమైతే డయాలసిస్ దాకా వెళ్లవలసి రావచ్చు. మరికొందరు దిగులు మరచిపోవడానికి సారాను ఆశ్రయిస్తారు. ఒళ్లునొప్పులంటూ దొరికిన బిళ్లల్లా మింగేవారూ ఉన్నారు. ఆ బిళ్లల్లో చాలావరకు కిడ్నీకి చేటు చేసేవే.

మాటలతో వైద్యం

ఈ దిగులుకు మాటలే మందుగా పనిచేసే వైద్యం ఉంది. నీకేమీ కాదులే అని బంధువులు ధైర్యం చెబుతారు. వినేవాడికి అది నమ్మబుద్ధి కాదు. మానసిక వైద్యుడు ఆ మాట చెప్పడు. ముందు భయాన్ని పూర్తిగా చెప్పనిస్తాడు. తరువాత దాన్ని రెండు కుప్పలుగా విడదీయిస్తాడు. మన చేతిలో లేనివి ఒక కుప్ప. రక్తపరీక్ష, రక్తపోటు మందు, ఎండలో పనికి విరామం, పిల్లల చదువు, పొలం కాగితాల వంటి మన చేతిలో ఉన్నవి మరో కుప్ప. ఆ రెండో కుప్పలోంచి వారానికి ఒక పని చేయిస్తాడు. రాత్రిళ్లు గుండె దడదడలాడితే శ్వాస నెమ్మదిగా వదిలే పద్ధతి నేర్పుతాడు.

చివరకు మిగిలేది ఎందుకు బతకాలన్న ప్రశ్న. వియన్నాకు చెందిన మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ నాజీల నిర్బంధ శిబిరాల్లో తల్లిని, తండ్రిని, భార్యను పోగొట్టుకుని 1945లో బయటపడ్డాడు. ఎంతటి బాధనైనా ఓర్చుకోవాలంటే ఎవరికోసమో, దేనికోసమో బతుకుతున్నానన్న భావన మనిషికి అవసరమని ఆయన బోధించాడు. ఇది ఉద్దానానికి కొత్త సంగతి కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తోటలను నేలమట్టం చేసింది. ఆరేడేళ్లకు గాని కాపు రాదని తెలిసీ రైతులు మళ్లీ కొబ్బరి మొక్కలు నాటారు.

నలుగురూ కూర్చుంటే

1970లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు క్యాన్సర్ ముదిరిన స్త్రీలను వారానికోసారి ఒకచోట కూర్చోబెట్టి, చావు గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోనిచ్చారు. జబ్బు నయం కాలేదు గాని వారి మనోవ్యధ తగ్గింది. మన డయాలసిస్ గదుల్లోనూ రోగులు పక్కపక్కనే దాదాపు నాలుగేసి గంటలు గడుపుతారు. అక్కడ మానసిక వైద్యంలో శిక్షణ పొందిన ఒకరు ఉండి నలుగురినీ మాట్లాడించగలిగితే ఎంతో మేలు జరుగుతుంది.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకం కూడా అదే రోజు మొదలైంది. శరీరానికి ఇంత ఏర్పాటు జరిగినప్పుడు మనసు సంగతీ పట్టించుకోవడం న్యాయం.

ఎప్పుడు, ఎక్కడ?

రెండు వారాలకు మించి నిద్ర, తిండి పోయినా, పనిమీద ధ్యాస లేకపోయినా, చనిపోవాలన్న తలపు ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకూడదు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలో గాని, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో గాని చూపించుకోవచ్చు. అక్కడికి వెళ్తే పిచ్చివాడంటారేమోనని జంకనక్కరలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే కొన్ని మందుల మోతాదు మార్చవలసి ఉంటుంది. బస్సు ఎక్కలేనివారు 14416కు ఫోన్ చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ టెలీ మానస్ సేవ ఉచితం. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.