గేటు దగ్గర ఒక్క నిమిషం!

పాత పేపర్లని జాగ్రత్తగా దాచి కిలోల లెక్కన అమ్ముకుంటాం. పాలప్యాకెట్లని మాత్రం నిన్నటి సాంబారుతో కలిపి చెత్తబండిలో పడేస్తాం. నిజానికి రెండూ మళ్లీ పనికొచ్చేవే. ఒకటి కొత్త కాగితమై తిరిగొస్తుంది, రెండోది చెత్తగుట్టలో కూరుకుపోతుంది. ఎందుకీ తేడా? జవాబు మన గుమ్మం దగ్గరే ఉంది!

ఉదయం ఏడు గంటలు. వీధి మలుపులో చెత్తబండి పాట వినిపించగానే ఇళ్లలో హడావుడి మొదలవుతుంది. ఒకరు పొయ్యి కట్టేసి, మరొకరు పిల్లాడికి టై కట్టడం మధ్యలో ఆపేసి బుట్ట పట్టుకుని గేటు దగ్గరికి పరుగెడతారు. ఇంతకీ ఆ బుట్టలో ఏముంది? రాత్రి మిగిలిన అన్నం, బెండకాయ తొడిమలు, వడగట్టిన టీపొడి, రెండు పాలప్యాకెట్లు, ఓ షాంపూ సీసా, పాపాయి డైపరు, వాడేసిన బ్లేడు... అన్నీ ఒకే కవర్లో, పైన గట్టిగా ఓ ముడి! దాన్ని బండిలో వేయగానే ఇంటివాళ్ల పని అయిపోతుంది.

మరొకరి పని అప్పుడే మొదలవుతుంది. బండి వెనక నిలబడ్డ మనిషి ఆ ముడి విప్పుతాడు. సాంబారు కారుతున్న కవర్లో చెయ్యిపెట్టి అమ్ముడుపోయే సీసా కోసం వెతుకుతాడు. బ్లేడు ఎక్కడుందో అతనికేం తెలుసు?

చెత్తని ఎప్పటికైనా ఎవరో ఒకరు విడదీయాల్సిందే. ఇంట్లోనే అయితే అది ఒక్క నిమిషం పని. బండిలో అయితే ఒట్టి చేతులతో గంటల తరబడి చేయాలి. డంపింగ్ యార్డుకి చేరాక అయితే దాదాపు అసాధ్యం.

మనకి కొత్తేం కాదు!

రీసైక్లింగ్ అనేది ఎక్కడో విదేశాల నుంచి వచ్చిన విద్య అనుకుంటాం కానీ, మన వీధులకి అది ఎప్పటినుంచో తెలుసు. పాత ఇనుముకి ఉల్లిపాయలు, పాత బట్టలకి స్టీలు గిన్నెలు, చిత్తుకాగితాలకి చిల్లర డబ్బులు... ఇవన్నీ చూస్తూ పెరిగినవాళ్లమే. న్యూస్‌పేపర్‌ని ఎవరూ చెత్తబుట్టలో వేయరు. కారణం... దానికి రేటు ఉంది!

చిక్కంతా రేటు లేనివాటితోనే. చిప్స్ ప్యాకెట్, బిస్కెట్ రేపర్, పలచటి క్యారీబ్యాగ్... ఇవి పాతసామాన్లవాడికి అక్కర్లేదు. పాలప్యాకెట్‌కీ నూనె ప్యాకెట్‌కీ కాస్తోకూస్తో ధర ఉన్నా రోజుకి ఒకటీ రెండూ దాచేదెవరని తడిచెత్తలోనే కలిపేస్తాం. అలా కలపడంతోనే ఉన్న విలువ కాస్తా పోతుంది.

అదెలాగంటే... పాత కాగితాన్ని నీళ్లలో నానబెట్టి గుజ్జుగా చేసి కొత్త కాగితం తయారుచేస్తారు. దానికి నూనె పట్టిందంటే ఆ జిడ్డు గుజ్జుని పాడుచేస్తుంది. బజ్జీలు చుట్టిన పేపరు ఒక్కటి చాలు, పక్కనున్న మంచి కాగితాల్నీ ఖరాబు చేయడానికి. ప్లాస్టిక్ సీసాలో తిండి మిగిలితే కడగడానికే బోలెడు ఖర్చు. శుభ్రంగా వస్తే మాత్రం లెక్క వేరు. నీళ్ల సీసా ప్లాస్టిక్ దారమై బట్టల్లోకి వెళ్తుంది. అల్యూమినియం డబ్బాని కరిగించి మళ్లీ వాడితే, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికయ్యే విద్యుత్తు, ఇంధనాల్లో దాదాపు 95 శాతం మిగులుతుంది. గాజునైతే ఎన్నిసార్లయినా కరిగించవచ్చు.

మన నగరాల చెత్తలో సగం దాకా వంటింటి నుంచి వచ్చే తడిచెత్తే. విడిగా ఉంటే అది ఎరువు, లేదంటే గ్యాస్. 2022లో ఇండోర్‌లో మొదలైన బయో సీఎన్‌జీ ప్లాంటు సామర్థ్యం రోజుకి 550 టన్నుల తడిచెత్త. ఆ గ్యాస్‌తో సిటీ బస్సులు నడుస్తున్నాయి. అదే తడిచెత్త ప్లాస్టిక్‌తో కలిసి గుట్టల కింద గాలి ఆడకుండా కుళ్లితే వచ్చేది మీథేన్... తేలిగ్గా అంటుకునే వాయువు. 2023 మార్చిలో కొచ్చి దగ్గర బ్రహ్మపురం చెత్తకుప్ప అంటుకుంటే మంటల్నీ పొగనీ అదుపు చేయడానికి దాదాపు రెండువారాలు పట్టింది. ఆ పొగ పీల్చింది చుట్టుపక్కల ఇళ్లవాళ్లే!

సూర్యాపేట చేసి చూపింది

ఇదంతా పెద్ద నగరాలకే సాధ్యమనుకుంటే పొరపాటే. సుమారు లక్ష జనాభా ఉన్న సూర్యాపేట, అప్పటి నల్గొండ జిల్లాలో ఓ మామూలు పురపాలక సంఘం. 2000 తర్వాత తొలి సంవత్సరాల్లోనే అక్కడ ఇంటింటికీ వెళ్లి తడిచెత్త, పొడిచెత్త వేర్వేరుగా తీసుకోవడం మొదలుపెట్టారు. తడిచెత్తతో వానపాముల ఎరువు చేశారు, పొడిచెత్తని అమ్మారు. వీధి కుండీలు అక్కర్లేని ఊరని పేరు తెచ్చుకుని, వేరే ఊళ్ల అధికారులు వచ్చి చూసి వెళ్లేలా చేసింది సూర్యాపేట.

పుణెది మరో కథ. కుండీల్లో చెత్త ఏరుకుని బతికే ఆడవాళ్లు 1993లో అక్కడ సంఘం పెట్టుకున్నారు. 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని 'స్వచ్ఛ్' పేరుతో సొంత సహకార సంఘంగా ఇంటింటి సేకరణలోకి దిగారు. ఇళ్లవాళ్లు నెలకింతని రుసుము ఇస్తారు. పొడిచెత్త అమ్మగా వచ్చిన డబ్బు కూడా వాళ్లదే. నిన్నటిదాకా కుండీలో వంగి వెతికిన మనిషి, ఇప్పుడు గుర్తింపు కార్డు వేసుకుని తలుపు తడుతుంది. చెత్త అదే... దాన్ని అందుకునే తీరు మారింది.

డైపర్లూ శానిటరీ ప్యాడ్‌లూ విప్పి చూడాల్సి రావడం వాళ్లని అన్నిటికంటే బాధపెట్టేది. అందుకే ఓ చిన్న ఉపాయం చెప్పారు: వాటిని పేపర్లో చుట్టి పైన ఎర్రచుక్క పెట్టండి చాలని. ఆ చుక్క కనిపిస్తే ఎవరూ పొట్లం విప్పక్కర్లేదు.

'వాళ్లే కలిపేస్తుంటే..?'

'మేం వేరుచేసి ఇస్తాం. వాళ్లేమో బండిలో అంతా ఒక్కటి చేస్తారు. ఇక మాకెందుకీ శ్రమ?' ప్రతి కాలనీలోనూ వినిపించే మాటే ఇది. అందులో నిజం లేకపోలేదు. 2015లో హైదరాబాద్‌లో ఇళ్లకి ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచారు. 2021 అక్టోబరులో మొదలైన 'క్లాప్' కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో మూడు రంగులవి ఇచ్చారు. వాటిలో కొన్ని బియ్యం డబ్బాలయ్యాయి, కొన్ని మొక్కల కుండీలయ్యాయి! బుట్ట ఇచ్చినంత మాత్రాన అలవాటు రాదు మరి.

అయినా విడిగా ఇవ్వడం వృథా కాదు. శుభ్రమైన పొడిచెత్త సంచీ చేతికందితే కార్మికుడు దాన్ని తడిచెత్తలో పడేయడు, పక్కన కట్టుకుంటాడు. ఎందుకంటే అది అతనికి డబ్బు. పైగా వీధిలో ఒక్క ఇల్లు విడిగా ఇస్తే బండిలో గడి కట్టించమని అడగడానికి బలం చాలదు. ముప్ఫై ఇళ్లు ఇస్తే కాలనీ సంఘం గట్టిగా అడగొచ్చు. ఇండోర్ బండ్లలో చెత్త రకాన్ని బట్టి వేర్వేరు గడులుండేది ఇంటి దగ్గరే విడిపోయి వస్తుంది కాబట్టే.

ఇప్పుడు చట్టం కూడా అదే చెబుతోంది. 2016 నిబంధనలు చెత్తని మూడు రకాలుగా వేరుచేయమన్నాయి. వాటి స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినవి నాలుగు రకాలు చేయమంటున్నాయి.

ఏది ఎందులో?

* తడిచెత్త: కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పూలు, టీపొడి, గుడ్డుపెంకులు, మాంసం ఎముకలు. కవర్లో కట్టకుండా బుట్టతోనే వంపాలి. నూనె పట్టిన పేపర్లూ ఇందులోకే.
* పొడిచెత్త: కాగితం, అట్టపెట్టెలు, సీసాలు, రేకు డబ్బాలు, ప్లాస్టిక్. పాలప్యాకెట్‌ని కడిగి ఆరబెట్టాలి. మూల కత్తిరించేటప్పుడు ఆ ముక్క పూర్తిగా ఊడకుండా చూసుకుంటే మరీ మంచిది, చిన్నముక్కల్ని ఎవరూ ఏరలేరు. చిప్స్ ప్యాకెట్లూ ఇందులోనే వేయాలి. వాటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి కొత్త వస్తువు చేయడం కష్టమే కానీ, సిమెంటు బట్టీల్లో ఇంధనంగా వాడతారు.
* శానిటరీ చెత్త: డైపర్లు, ప్యాడ్‌లు. పేపర్లో చుట్టి, ఎర్రచుక్క పెట్టి విడిగా ఇవ్వాలి.
* ప్రత్యేక జాగ్రత్త చెత్త: కాలంచెల్లిన మందులు, బల్బులు, రంగుల డబ్బాలు, పాదరసం థర్మామీటర్లు. ట్యూబులైట్లలోనూ పాదరసం ఉంటుంది, పగలగొట్టకూడదు.

బ్లేడు, పగిలిన గాజుగ్లాసు లాంటివాటిని మందపాటి పేపర్లో చుట్టి, చేతికిచ్చేటప్పుడు 'ఇందులో గాజు ఉంది, జాగ్రత్త' అని ఓ మాట చెబితే చాలు.

వంటింట్లో సింకు పక్కన ఓ చిన్న బుట్ట, తలుపు వెనక మేకుకి ఓ గోనెసంచి, బాత్రూంలో పాత పేపర్లు కొన్ని... కావాల్సిన సరంజామా ఇంతే! పొడిచెత్త రోజూ ఇవ్వాల్సిన పని కూడా లేదు. వారానికోసారి సంచీ నిండాక ఇస్తే సరి.

రేపు ఉదయం కూడా ఏడింటికి ఆ పాట వినిపిస్తుంది. బండి వెనక నిలబడ్డ మనిషి చెయ్యి చాపుతాడు. ఆ చేతికి ముడేసిన కవరు ఇస్తామా, శుభ్రమైన సంచీ ఇస్తామా అన్నది ఈ రాత్రి వంటిల్లు సర్దేటప్పుడే తేలిపోతుంది.